లీటరుకు ముప్పై అయిదు తక్కువ

అయిదు వందలకు అయిదు వందలు కలిపితే వెయ్యి. ఇందులో తిరకాసేముంది? నేనూ అలాగే అనుకున్నాను. మా ఆసుపత్రి గోదాములో పంతొమ్మిదేళ్ళుగా ఆల్కహాల్ బీరువా తాళంచెవి నా జేబులోనే ఉంది. మద్యనిషేధం ఉన్న లిబియాలో ఆల్కహాల్ అంటే ఆషామాషీ కాదు, చుక్క తేడా వచ్చినా పోలీసులు గుమ్మంలో ఉంటారు.

మిఫ్తాహ్ పనిలో చేరి నెల కాలేదు. రోగుల ఒంట్లోంచి కోసి తీసిన ముక్కల్ని పరీక్షకు సిద్ధం చేసే ల్యాబులో సహాయకుడు. ఆ ముక్కల్ని సగం ఆల్కహాల్, సగం నీళ్ళు ఉన్న ద్రావణంలో ముంచాలి. రోజూ పొద్దున్నే నేను అసలు సిసలు ఆల్కహాల్ అయిదు వందల మిల్లీలీటర్లు కొలిచిస్తాను. అతను అంతే నీళ్ళు కలిపి, కొలజాడీ తెచ్చి నాకు చూపించి మరీ వాడుకోవాలి. ఆ పద్ధతి పెట్టింది నేనే.

రంజాన్ మొదటి రోజు, మొట్టమొదటిసారి తనే కలిపి జాడీ తెచ్చాడు. చూస్తే తొమ్మిది వందల అరవై అయిదు.

"మిగతా ముప్పై అయిదు ఏదయ్యా?"

"అదే అర్థం కావట్లేదు ఖమీసన్నా. మీరిచ్చింది మొత్తం పోశాను. నీళ్ళు కూడా కొలిచే పోశాను. కావాలంటే లెక్క చూడండి."

అరచేతి మీద పెన్నుతో రాసుకొచ్చాడు. నూరు శాతం సరుకు అయిదు వందలు, కావలసింది యాభై శాతం, అంటే మొత్తం వెయ్యి. లెక్కలో తప్పు లేదు.

"చేతిలో వెయ్యి ఉంది, జాడీలో లేదు. దారిలో ఒలికిందా?"

"ఒలికితే నా చొక్కా తడవదా అన్నా?"

రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. ఇంతకుముందు పనిచేసిన హమద్ పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా వెయ్యి గీతకు తక్కువ తేలేదు. మరి ఇతనికే ఎందుకిలా? నాకు ఒళ్ళు మండిపోయింది. అసలే ఉపవాసం, పైగా సిగరెట్టు లేదు. మందుల కిటికీ దగ్గర అయిదారుగురు నిలబడి ఉన్నారు.

"నోరు తెరువు," అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు. తమాషా కాదని అర్థమై, తెరిచాడు. నేను వంగి వాసన చూశాను. పస్తున్న మనిషి నోరు ఎలా ఉంటుందో అలాగే ఉంది. అయినా నేను తగ్గితేనా!

"తెలివైనవాడివే. దాచిపెట్టి రాత్రికి తాగుతున్నావన్నమాట."

"వల్లాహి, దేవుడి మీద ఒట్టు, దాని రుచి ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదన్నా."

డైరెక్టరుకు ఫిర్యాదు రాసిచ్చాను. విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దని మధ్యాహ్నానికల్లా మిఫ్తాహ్‌కు చెప్పేశారు.

నాలుగో రోజు కలిపేవాడు లేక ఆ పని నా నెత్తిన పడింది. మంచిదే అనుకున్నాను. తలుపు గడియ పెట్టి ఆల్కహాల్ అయిదు వందలు కొలిచాను, నీళ్ళు అయిదు వందలు కొలిచాను, బిస్మిల్లా అని రెండూ కలిపాను. జాడీ చేతికి కాస్త వెచ్చగా తగిలింది.

తొమ్మిది వందల అరవై అయిదు.

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. బల్ల కింద తడిమాను, పొడిగా ఉంది. జాడీ అడుగున పగులు లేదు. మళ్ళీ కొత్తగా కలిపాను. మళ్ళీ అంతే! గడియ పెట్టిన గదిలో నేనొక్కణ్ణే, పైగా ఉపవాసంలో. మరి తాగిందెవరు? నా బుర్ర పనిచేయడం మానేసింది. నా ప్రమేయం లేకుండా నేనే తాగేశానా అని కూడా ఒక్క క్షణం అనుమానం వచ్చిందంటే నమ్మండి.

జాడీ పట్టుకుని ల్యాబు పెద్ద డాక్టర్ నజ్లా దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ తాపీగా విన్నది.

"ఖమీస్, గిన్నెడు శనగల్లో గిన్నెడు రవ్వ పోస్తే రెండు గిన్నెలవుతాయా?"

"ఎలా అవుతాయమ్మా? రవ్వ సందుల్లోకి దిగిపోదూ?"

"ఇదీ అంతే. నీళ్ళూ ఆల్కహాలూ ఒకదాని సందుల్లోకి ఒకటి దూరతాయి. అందుకే నీళ్ళు విడిగా కొలవకూడదు. ముందు ఆల్కహాల్ పోసి, వెయ్యి గీత తాకేదాకా నీళ్ళు పోస్తూ పోవాలి. హమద్ అలాగే చేసేవాడు. ఈ అబ్బాయికి ఎవరూ చెప్పలేదా?"

ఎవరు చెబుతారు? హమద్ ఎలా కలుపుతున్నాడని పన్నెండేళ్ళలో నేను ఒక్కసారైనా అడిగితే కదా!

డైరెక్టరు దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. "అయితే ఇప్పుడు నీ నోరు కూడా చూడమంటావా?" అన్నాడాయన. ఆ మాట పడ్డాను. పడాల్సిందే.

సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు మిఫ్తాహ్ ఇంటికి వెళ్ళాను. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కూర్చోమన్నాడు. జరిగిందంతా చెప్పాను.

"తప్పు నాదేనయ్యా. రేపు పనిలోకి రా. ఆ కిటికీ దగ్గరే, అందరి ముందూ ఒప్పుకుంటాను."

"వస్తానన్నా," అన్నాడు. లోపల అతని భార్య షోర్బా సూపు వడ్డిస్తోంది. మిఫ్తాహ్ గొంతు తగ్గించాడు. "బయటివాళ్ళకు మీరు చెబుతారు, సరే. నిన్న రాత్రి నేను నిద్రపోయాననుకుని, మా ఆవిడ నా ముఖం మీదికి వంగి వాసన చూసింది."

ఇంతలో ఆమె రెండు గిన్నెలు తెచ్చి మా ముందు పెట్టింది. మొగుడి వైపు చూడకుండానే లోపలికి వెళ్ళిపోయింది. అజాన్ వినబడింది. మిఫ్తాహ్ నా చేతిలో ఖర్జూరం పెట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాను.