బస్తాల వేపరెమ్మ

రాధాబాయికి కోపమొస్తే తండా మొత్తానికి తెలుస్తది. ఆ పొద్దు మాత్రం ఆ కోపం జర ఆలస్యంగ వచ్చింది. జనగామ నుంచి వచ్చిన వాసవి కారు దిగుడు దిగుడే, ఎండిపోయిన వేపరెమ్మ ఒకటి తెచ్చి ఆమె చేతుల పెట్టింది.

"గిదేంది రాధక్కా? జర్మనీకి పోయే మిర్చి బస్తాల గిదెందుకున్నది?"

"పురుగు పట్టొద్దని బస్తాకొకటి ఏసిన. ఎందుకు, తక్కువైందా?"

వాసవి నెత్తి పట్టుకొని షెడ్డు అరుగు మీద కూలబడ్డది.

అసలు ఆ షెడ్డు ఎట్ల లేచిందో చెప్పాలె. మానుకోట చుట్టుపక్కల మిర్చి పండించేటోళ్లకు అందరికీ ఒకటే బాధ. ఎక్కడో చైనాల ఒకడు కొంటా అంటే ధర లేస్తది, వద్దంటే కూలబడ్తది. వాడు మన మొకం చూసిండా, మనం వాని మొకం చూసినమా! అయినా మన పొయ్యి వాని చేతులనే ఉండె. పోయినేడు ధర కూలినప్పుడు రాధాబాయి బిడ్డ గీత, అల్లుడు వెంకటేశ్ గిన్నెలు మూటగట్టుకొని పట్నంల బిల్డింగ్ పనికి పోయిన్రు.

గప్పుడు వచ్చింది వాసవి. జనగామల హోల్‌సేల్ కిరాణ దుకాణపోళ్ల కోడలు. "కాయను కాయగ ఎన్నేండ్లు అమ్ముకుంటరక్కా? తొడిమ తీసి, ఏరి, మంచిగ చేసి మనమే బయటి దేశాలకు పంపుదాం. గది అక్కడి పరీక్షల పాసైతే గిర్ని తిప్పి కారం కూడా పంపుదాం" అన్నది. రాధాబాయికి ఆ మాట నచ్చింది. ఇద్దరు కలిసి తండాల షెడ్డు లేపిన్రు, కారం గిర్ని కూడా తెచ్చి పట్టా కప్పి పెట్టిన్రు. టేకుమట్ల, కాటారం దిక్కు నుంచి కూడా కాయ తెప్పిచ్చిన్రు. రాధాబాయి పట్నానికి ఫోన్ కొట్టి బిడ్డను, అల్లుని వాపస్ పిలిపిచ్చుకున్నది.

వచ్చిన్రు గని, గీత ఆ గిన్నెల మూట ఇప్పలేదు. "షెడ్డు నిలబడనియ్యి యాడీ, అప్పుడిప్పుతా" అని తల్లితోని చెప్పి మూలకు పెట్టింది. పొద్దున లేస్తే తల్లి కండ్లు ఆ మూట మీదనే పడుతుండె.

ఇగ ఇప్పుడు గిది. రేవుకాడ ల్యాబోళ్లు బస్తాలిప్పి, మిర్చిల ఆకు చెత్త ఉన్నదని సరుకంతా వాపస్ కొట్టిన్రు. ఇంకొక్కసారి చూస్తం, గంతే అన్నడట సరుకు కొనే జర్మనీ ఆయన. గదీ పోతే షెడ్డుకు తాళమే.

"చెత్తనా?" రాధాబాయికి ఇప్పుడొచ్చింది కోపం. "వేపాకు చెత్తనా? మీ అత్త ఈశ్వరమ్మ దుకాణంల కందిపప్పు బస్తాలల్ల ఏముంటదే? నేను కండ్లార చూసిన!"

వాసవి నవ్వాపుకోలేకపోయింది. "ఉంటది తీయ్. గని మా అత్త కందిపప్పు జర్మనీకి పోతలేదు గదక్కా."

రాధాబాయి కూడా నవ్వేదే. అంతల తలుపుకాడ నిలబడ్డ గీత కనబడ్డది. అంతా విన్నది, ఎనుకకు మర్రి ఇంటి దిక్కు నడిచింది. నాలుగు తిట్టినా బాగుండు అనిపిచ్చింది తల్లికి. ప్రేమతోని చేసిన పనే బిడ్డ నోటికాడి ముద్ద గుంజుకుంటదని ఎవలు అనుకున్నరు?

లారీ వాపస్ తెచ్చిన సరుకును రాధాబాయే దగ్గరుండి దింపిచ్చింది. తండా ఆడోళ్లందరినీ పిలిచి, "తప్పు నాది. ఆకులెండి పొడైనయి, కాయల కలిసినయి. చేటలు పట్టుకొని రాండ్రి" అన్నది. దాపరికం లేకుంట చెప్పింది కాబట్టి ఎవలూ ఎత్తిపొడవలేదు. పట్టాల మీద బస్తాలన్నీ గుమ్మరిచ్చి, చెరిగి, గుప్పెడు గుప్పెడు ఏరిన్రు. ఆ ఘాటుకు తుమ్ములే తుమ్ములు. కండ్లు మండి నీళ్లు కారుతుంటే, గీత అందరికన్న ముందట కూసోని ఏరుతనే ఉన్నది.

మళ్ల లోడెత్తేనాడు రాధాబాయి కొంగు కింద ఏదో దాచిపెట్టుకొని వచ్చింది. పచ్చటి వేపరెమ్మ! చూసి వాసవి కెవ్వుమన్నది.

"అక్కా! నీకు దండం పెడ్తా!"

"అరువకు. బస్తాల ఏస్తలేను." రాధాబాయి లారీ ముందటికి పోయి, డ్రైవర్ కట్టుకున్న నిమ్మకాయ, మిరపకాయల పక్కన ఆ రెమ్మను గట్టిగ కట్టింది. "నా సరుకు గంత దూరం పోతుంటే ఉత్త చేతులతోని ఎట్ల పంపాలె? గిది లారీకి. జర్మనీ ఆయనకేం నష్టం లేదు."

తర్వాత ఫోన్ మోగిన ప్రతిసారి ఆమె చేతుల పని ఇడిచిపెట్టి అందుకునేది. ఒకనాడు పొద్దుగూకే యాళ్లకు వాసవి ఫోన్ చేసింది.

"రాధక్కా, పాసైంది! కారం కూడా అడుగుతున్నరు. గిర్ని మీద కప్పిన పట్టా తీయ్!"

షెడ్డుల ఆడోళ్లంతా ఒక్కటే లొల్లి. రాధాబాయి మాత్రం గీత కోసం చూసింది. కనబడలేదు. ఇంటికి ఉరికింది.

గీత మూలకు కూసోని గిన్నెల మూట ముడిని పండ్లతోని గుంజుతున్నది. "షెడ్డుల అందరికీ చాయ పెట్టాలె యాడీ, పెద్ద గంజు గిండ్లనే ఉన్నది. ఎంతకూ వస్తలేదీ ముడి."

రాధాబాయికి దుఃఖమాగలేదు. బిడ్డ పక్కన కూసోని మూట తన దిక్కు గుంజుకున్నది.

"ముడి నేను ఇప్పుతగని, నువ్వు పొయ్యి ముట్టియ్యి పో."