చిన్నకోత పెద్దకోత

భాద్రపద ప్రభాతమున విరళ వర్షబిందు సంసిక్తములగు వేపకొమ్మలు నగరమధ్యస్థ వైద్యశాలా గవాక్షముల నల్లనల్లన దాకుచుండ జలధర పటలాంతరమున దోచియు దోపని బాలభాను కిరణము శ్వేతశయ్యా పంక్తులపై ధూసరకాంతిని బరచుచుండెను. అందొక శయ్యపై సంస్కృత కళాశాలా విశ్రాంతోపాధ్యాయులును మద్యపాన నిరసన సంఘాధ్యక్షులును తులసీతీర్థము దక్క నన్యరసమును శంకించు నియమధనులునగు కందాళ వరదాచార్యులు శయనించియుండిరి. పొరుగు శయ్యపై తాళవృక్షారోహణ కిణాంకిత వక్షుడును పరిహాసప్రియుడునగు సాయిలు గౌడు కూర్చుండియుండెను. కాలేయమున బుట్టిన క్యాన్సరు గడ్డ వారిరువురను ఒక్క కప్పు క్రిందికి దెచ్చినది.

శస్త్రవైద్యురాలు సఫియా ముందునాడు ఆచార్యుల నేకాంతమున గూర్చుండబెట్టి మృదువుగ జెప్పియుండెను. ఆయన గడ్డ నిమ్మకాయంతటిదే గాని చుట్టునున్న కాలేయమంతయు సిరోసిస్ వ్యాధిచే గట్టిపడి ముడుతలు వారినది. కావున గడ్డను దాని చుట్టు నించుక భాగమును మాత్రమే తీయవలెను. అధికముగ గోసినచో మిగిలినది దేహమును మోయజాలదు. పూర్వమెన్నడో రక్తమున జొచ్చిన కామెర్ల క్రిమియే యిందులకు గారణము గాని మద్యము గాదనియు నామె పలికెను. సిరోసిస్ అను మాటయే ఆచార్యుల చెవులలో మ్రోగుచుండెను. అది త్రాగుబోతుల వ్యాధి యని వేదికలపై జనులకు బోధించినవారు తామే.

సాయిలుతో నామె యందరి యెదుటనే మాటలాడెను. "గడ్డ పెద్దది. అయినా మిగతా కార్జమంతా చక్కగా ఉంది. సగం తీసేసినా మిగిలింది మళ్లీ పెరుగుతుంది. తీయకపోతే మాత్రం బతకవు." ఆ మాటలను ఆచార్యులు స్పష్టముగ వినిరి.

ఆ యుదయమున సంఘమిత్రులు ఫలములతో వచ్చిరి. వారిలో నొక వృద్ధుడు మంచముచెంత నిలిచి యడిగెను.

"ఆచార్యులవారూ, చుక్క ముట్టని మీకు లివరు జబ్బేమిటండీ?"

ఆచార్యుల ముఖము వివర్ణమయ్యెను.

"నాది చిన్నదేనండీ. కొంచెం గోకి తీస్తారట. అదుగో, ఆ పక్క మంచం అతనికి సగం కోసేస్తారు. తాగి తాగి కుళ్లబెట్టుకుంటే అంతే మరి."

"అయ్యగారూ, గీసిన కల్లంత నేనే తాగితే ఊరోళ్లకేం పోస్త?" అని సాయిలు నవ్వెను. వచ్చినవారును నవ్విరి. మంచము కాళ్లకడ గూర్చున్న యతని భార్య పోశవ్వ నవ్వలేదు.

మిత్రులు వెడలినంతనే యామె మూట గట్టసాగెను.

"లే. ఇంటికి పోదాం."

"రేపే ఆపరేషన్ గదనే. డాక్టరమ్మ మంచిగైతదన్నది."

"మన మొకం జూసి అట్లనే అంటరు. సదువుకున్న అయ్యగారు చెప్పవట్టె, కార్జం కుళ్లిందని. సగం కోసినంక మనిషి ఉంటడా? తాగుబోతోని పెండ్లామని అందరి ముంగట అనిపించుకున్న, చాలు. పోయేదేదో ఇంటికాడనే పోనీ."

పండుగలకు బబ్బములకు నించుక త్రాగిన నేరము మనసున మెదలగా సాయిలు చెప్పులు దొడిగికొనెను.

తన యొక్క వాక్యము రెండు కాళ్లు మొలిచి యొక ప్రాణమును వెంటగొని ద్వారముదెస నడచిపోవుచుండ జూచుచు, నిజము జెప్పిన నున్న గౌరవము పోవుననియు జెప్పకున్న నొక నిర్దోషి మరణించుననియు నెరుగుచు, ఆచార్యులు దుప్పటి యంచును బిగబట్టి కొంతతడవు పరుండియే యుండిరి. ఆ కొంతతడవే తరువాత వారికి సర్వాధిక లజ్జాకరమైనది.

వారు లేచి వసారాలోనికి వచ్చునప్పటికి వాన హెచ్చుటచే సంఘమిత్రులును అచ్చటనే నిలిచియుండిరి.

"పోశవ్వా, ఆగమ్మా. నేను అబద్ధం చెప్పాను. చెడింది నీ మొగుడి కార్జం కాదు, నాది. అతనిది మంచిది కాబట్టే సగం తీయగలుగుతున్నారు. నాది చెడ్డది కాబట్టే చిన్నకోత. దాని పేరు సిరోసిస్."

మిత్రులు కన్నులు వాల్చిరి. వృద్ధుడు సన్నగ నడిగెను.

"అంటే మీరు కూడా చాటుగా..."

కాదనుటకు దెరచిన పెదవులను ఆచార్యులు మరల మూసికొనిరి.

"ఆ పేరు వింటే అలా అనుకోవాలని మీకు నేర్పింది నేనే కదండీ."

"గీ ముక్క జర ముందుగాల్నే అంటే మూట గట్టుడు తప్పేది గదా, అయ్యగారూ" అనెను సాయిలు. పోశవ్వ మూటతోనే వైద్యురాలి గదివైపు నడచెను.

మరునాడు మధ్యాహ్నమునకు సఫియా శస్త్రశాల ద్వారమును దెరచి, గడ్డ పూర్తిగ వచ్చినదనియు మిగిలిన కాలేయము నిర్మలముగ నున్నదనియు జెప్పెను. పోశవ్వ కొంగున ముఖము దాచికొని యేడ్చెను. పిదప గోడవారగ నిలిచియున్న ఆచార్యులను జూచి, తాను గూర్చున్న బల్లపై నొకింత జరిగి చోటు విడిచెను.

ఆచార్యులు కూర్చుండజాలక యట్లే నిలిచియుండిరి.