నిమ్మకాయ తొక్కని గాడిద

ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా బస్సులో కూర్చున్నంతసేపూ నరేష్ మోకాలి మీద నుంచి చెయ్యి తీయలేదు. సన్మానం ముందరి బెరుకు కాబోలు అనుకుంది మమత. పటాలంలో పదిహేనేళ్లు ఉండి, మంచుకొండల మీద బరువులు మోసి, ఒక మోకాలిని అక్కడే వదిలేసి వచ్చిన మనిషిని ఇన్నాళ్లకు ఎవరో తలుచుకున్నారు కదా. అందుకే మామ తిక్కయ్య తన మగ్గం మీద నేసిన చీర తీసి కట్టుకుంది. పిలిచింది ఇంజనీరింగ్ కాలేజీ కరస్పాండెంటు విఠల్‌రావు. సైనికుల బరువులు మోయడానికి చేసిన నాలుగు కాళ్ల యంత్రం ఒకటి హైదరాబాదు నుంచి వస్తోందట. దాని ప్రదర్శనలో మాజీ సైనికుడికి శాలువా కప్పుతారట.

రణమండల కొండ కింద, మెట్లు మొదలయ్యేచోట షామియానా వేశారు. యంత్రం అప్పటికే వచ్చి ఉంది. దూడంత ఉంది, తల లేదు. వీపుకు అటొకటి ఇటొకటి పెట్టెలు బిగించారు. జనం దానికి గాడిద అని పేరు కూడా పెట్టేశారు. గాడిదకు కింద తివాచీ పరిచారు, పైన గొడుగు పట్టారు, పక్కన బల్ల మీద ఫ్యాను తిప్పారు. మెడ లేదు గనక బంతిపూల దండ వీపు మీదే వేశారు. దండ కింద ఒక శాలువా ఉంది. మమత రెండో శాలువా కోసం చుట్టూ చూసింది. ఎక్కడా కనపడలేదు.

"సార్, శాలువా..." అంది విఠల్‌రావుతో.

"అది ఫొటో కోసరం కప్పినామమ్మా. అయిపోయినాక తీసి మీ ఆయనకు కప్పుతాము."

గాడిద కప్పుకుని విప్పిన శాలువా. మమత తల ఊపింది. నవ్వింది కూడా. ఆమె అట్లా నవ్వితే అత్త భీమక్క వంటింట్లో గిన్నెలు మెల్లగా పెట్టడం మొదలుపెడుతుంది. విఠల్‌రావుకు ఆ సంగతి తెలియదు.

ఇంతలో కెమెరా పట్టుకున్న కుర్రాడు నరేష్ దగ్గరికి వచ్చాడు. వెనకాల ఇద్దరు విద్యార్థులు ఇసుక నింపిన వీపుసంచిని ఈడ్చుకొస్తున్నారు.

"అన్నా, ఇది తగిలించుకో. నువ్వు, గాడిద ఒగే తూరి ఎక్కాల. ఆ మలుపు కాడ నువ్వు ఆయాసపడి కూలబడల్ల. గాడిద నిన్ను దాటుకోని పోతాది. అప్పుడు నువ్వు చెమట తుడుచుకుంటా దానికి సెల్యూటు కొట్టు. కుంటడం నేర్పే పని లేదులే, అది నీకు ఉండనే ఉండాది."

మమత మొగుడి వైపు తిరిగింది. నరేష్ కొండ మీద గుడి వైపు చూస్తున్నాడు, ఎన్నడూ లేనంత భక్తిగా.

"ఇదేనా సన్మానం?"

"మెల్లగ మాట్లాడు మే. మైకు ఉండాది."

"నీకు ముందే తెలుసునా?"

"నిన్న ఫోను చేసినాడు సారు. సరే సార్ అంటిని."

"డాక్టరు ఏమి సెప్పినాడు?"

డాక్టరు ఏం చెప్పాడో ఇద్దరికీ తెలుసు. ఇంకోసారి బరువెత్తుకుని మెట్లెక్కితే ఆ మోకాలు మళ్లీ మడతపడదు, చేతికర్రే దిక్కు అన్నాడు.

"ఒగసారే గదా" అన్నాడు నరేష్. "కాలేజీ గేటు కాడ కుర్చీ ఏసి ఉద్యోగం ఇస్తానన్నాడు. మగ్గం తొక్కలేనోనికి ఇంగ ఎవురిస్తారు?"

మమతకు ఒళ్లు మండింది. మొగుడి మీద సగం మండింది, మిగతాది ఎవరి మీదో అప్పటికి తేల్చుకోలేదు. వాళ్లది గుంట మగ్గం. గుంటలోకి కాళ్లు దించి కింద పలకలు తొక్కితేగానీ పోగు కదలదు. పటాలం నుంచి వచ్చిన కొత్తలో నరేష్ కూర్చుని చూశాడు. ఒక్క తువ్వాలు కాకముందే మోకాలు ఉబ్బిపోతే తండ్రి, తమ్ముడు కలిసి గుంటలోంచి పైకి లాగారు. అప్పటినుంచి రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతున్నాడు. అది మా ఆడోళ్ల పని కదప్పా అని వీధిలో ఆడవాళ్లు నవ్వితే, మీకంటే నున్నగా చుడతాడు అని చెప్పి నోరు మూయించింది తనే. అలాంటి మనిషి కుర్చీలో కూర్చునే ఉద్యోగం కావాలంటే నలుగురిలో కూలబడి చూపించాలా?

"పూజ కానీండప్పా" అని మైకులో కేక పడింది.

పవమానాచారి మంత్రాలయం వైపునుంచి వచ్చిన యువ పూజారి. ఈ సీజనులో ట్రాక్టర్లకు, కార్లకు, ఒక జేసీబీకి కూడా పూజ చేసిన అనుభవం ఉంది. గాడిదకు కుంకుమ పెట్టాడు, టెంకాయ కొట్టాడు, నాలుగు కాళ్ల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టి, "ఇంగ కదిలించండి" అన్నాడు.

యంత్రం చేసిన కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరు గౌరి అనే అమ్మాయి చేతిలోని మీట నొక్కింది. గాడిద కాలెత్తింది. నిమ్మకాయ మీద వేయబోయి, ఆగి, పక్కన వేసింది. నాలుగు కాళ్లూ అంతే. ఆచారి వంగి నిమ్మకాయల్ని మళ్లీ కాళ్ల ముందుకు తోశాడు. గాడిద మళ్లీ పక్కకు వేసింది. ఆచారి తోయడం, అది తప్పించుకోవడం, చూసేవాళ్లకు ఇద్దరూ కలిసి కోలాటం ఆడుతున్నట్టే ఉంది. జనం ఈలలు వేశారు.

"అది తొక్కదు స్వామీ" అంది గౌరి. "కాలి కింద రాయి ఉన్నా గుంత ఉన్నా పక్కన అడుగు వేసేలా చేశాం. జారితే దాని మోకాలి మోటారు పోతుంది."

"తొక్కకుండ బయలుదేరితే మంచిది కాదు తల్లీ."

"తొక్కించమ్మా" అన్నాడు విఠల్‌రావు.

"దాని కాళ్లకు దారి చూపే కెమెరాలు ఆపేస్తే తొక్కుతుంది సార్. కానీ అప్పుడు మెట్లు కూడా కనపడవు. ఎక్కడ పడుతుందో నేను చెప్పలేను."

"వద్దు వద్దు! పడితే ఎట్ల? ఎంత ఖరీదు వస్తువు!"

దాని మోకాలి మోటారు పోతుందని అంతమందీ కంగారు పడుతున్నారు. దాని పక్కనే నరేష్ వీపుసంచి పట్టీలో ఒక చెయ్యి దూర్చి, రెండో చేతికి పట్టీ అందక వెతుక్కుంటున్నాడు. ఎవరూ అటు చూడలేదు. నిమ్మకాయంత మర్యాద కూడా మనిషికి దక్కలేదు.

మమత లేచి గాడిద దగ్గరికి పోయింది. దండ సర్దుతున్నట్టుగా ఒక పెట్టె మూత ఎత్తి చూసింది. మైకు ఎటుందో చూసుకుని సరిగ్గా దాని ముందు నిలబడింది. చదువుకునే రోజుల్లో ఆదోని కాలేజీలో వక్తృత్వ పోటీలకు పోయినప్పుడు నేర్చుకున్న ఒక్క విద్య అది.

"ఈ పెట్టెలో ఏమీ లేదే పాపా?"

ఆ మాట షామియానా దాటి మెట్ల దాకా వినిపించింది. గౌరి తల దించుకుంది. "సారే ఖాళీగా ఎక్కించమన్నారక్కా."

"సైనికుల బరువు మోసే యంత్రం ఖాళీగ ఎక్కాల. సైనికుడు మాత్రం ఇసక మోసుకోని ఎక్కాల. ఇదేమి పోటీ సార్?"

"వీడియో కోసరం చేస్తాండేది లేమ్మా" అన్నాడు విఠల్‌రావు, కెమెరా వైపు నవ్వుతూ. "బరువేస్తే, పడిపోతే, పూచీ ఎవురిది?"

"మా ఆయన పడిపోతే పూచీ ఎవురిది?"

నవ్వు విఠల్‌రావు ముఖం మీదే ఉండిపోయింది, దాన్ని ఎట్లా తీసెయ్యాలో తెలియనట్టు.

"పాపా, ఇది ఎంత మోస్తుంది?"

"ఆ సంచి లాంటివి రెండైనా మోస్తుందక్కా" అంది గౌరి. ఈసారి తలెత్తే చెప్పింది. "మోయడానికే కదా చేశాం."

నరేష్ అప్పటికి రెండో పట్టీ కూడా తగిలించుకుని లేవబోతున్నాడు. లేచేటప్పుడు పళ్లు బిగించడం మమత చూసింది. పోయి సంచి మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకుంది.

"దించు."

"సార్ చెప్పినాడు మే..."

"ఆయప్ప నీ పటాలంలో సారు కాదు. దించు. నీకు ఆ కుర్చీ వద్దు, నాకూ వద్దు. మనింట్లో రాట్నం కాడ పీట ఉండాది."

నరేష్ ఆమె ముఖం చూశాడు, విఠల్‌రావు ముఖం చూశాడు. ఒక్కో పట్టీలోంచి చెయ్యి తీసి సంచి కింద పెట్టాడు. పెట్టాక, ఇన్నేళ్లలో మొదటిసారి, "సారీ సార్, నేను ఎత్తుకోను" అన్నాడు. ఆ మాట కూడా అటెన్షన్‌లో నిలబడే అన్నాడు.

"గాడిద మీదికే ఎక్కించండప్పా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. తర్వాత అందరూ అరిచారు. విద్యార్థులు సంచి ఎత్తి దాని వీపు మీద కట్టారు. మమత వంగి నాలుగు నిమ్మకాయలూ ఏరి తన సంచిలో వేసుకుంది.

"అమ్మా, అవి..." అన్నాడు ఆచారి.

"వద్దంటాంది కదా స్వామీ. నేనేమి చేసేది?"

నిమ్మకాయల వెంట వంగి వంగి అలిసిపోయి ఉన్నాడేమో, ఆచారి హారతి పళ్లెం తిప్పేసి కూర్చున్నాడు.

గాడిద ఎక్కింది. బరువుకు ముందు కొంచెం కుంగి, సర్దుకుని, మెట్టు మెట్టుకూ కాలు వెతుక్కుంటూ చక్కగా ఎక్కింది. దాని పక్కనే నరేష్ గోడ పట్టుకుని ఉత్త చేతులతో మెల్లగా మలుపు దాకా పోయాడు, వెనకే మమత, గౌరి. ఎవరూ వద్దనలేదు, ఎవరూ పొమ్మనలేదు. గాడిదతో పాటు ఫొటోలో పడాలని విఠల్‌రావు కూడా వెంట వచ్చాడు. మలుపు దగ్గర, ఎవరూ చెప్పకుండానే, ఆయాసపడి కూలబడ్డాడు. కెమెరా కుర్రాడికి ఒక మనిషి కూలబడే దృశ్యం కావాలి, తీసుకున్నాడు.

నరేష్ గాడిద వీపు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు.

"ఇది ఆడికి పోతాదా పాపా? మావాళ్లుండే కాడికి?"

"పోవాలనే చేస్తున్నాం అన్నా. ఇంకా పరీక్షల్లో ఉంది. నెలనెలా ఇట్లాంటి ప్రదర్శనలకే పోతోంది. వచ్చే నెల ఇంకో రెండు ఊర్లు ఉన్నాయి."

అప్పుడు తెలిసింది మమతకు, మిగతా సగం మంట ఎవరి మీదో. విఠల్‌రావు ఒక్కడి మీదైతే ఈపాటికి చల్లారేది. ఆ కొండల మీద ఈ పూట కూడా ఎవరి కొడుకో, ఎవరి మొగుడో మోకాళ్లు అరగదీసుకుంటూ మోస్తుంటాడు. మోయవలసింది ఇక్కడ దండ వేసుకుని, ఫ్యాను గాలికి నిలబడి ఊరేగుతోంది. మనిషి మోకాలు పోయాకే కాబోలు యంత్రం మోకాలికి విలువ తెలిసేది. ఆ మాట మైకులో అని ఉండాల్సింది. మైకు కిందే ఉండిపోయింది.

సాయంత్రం ఇంటికి రాగానే తిక్కయ్య మగ్గంలోంచి తలెత్తాడు.

"శాలువా యాడప్పా?"

"గాడిదకు కప్పినారు నాయినా" అన్నాడు నరేష్.

"మిల్లు శాలువానా?"

"ఊఁ."

"అట్లయితే దానికే బాగుంటాది" అని తిక్కయ్య మళ్లీ పలక తొక్కాడు.

మమత సంచిలోంచి నిమ్మకాయలు తీసేసరికి భీమక్క గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "పూజలో పెట్టినవి ఇంట్లోకి తెస్తావా మే!"

"తొక్కలేదత్తా. దాని కాలు గోరంత కూడా తగల్లేదు. కడిగినా."

నాలుగూ పిండి, బెల్లం వేసి పానకం కలిపింది. భీమక్క ముందు వద్దంది, తర్వాత రెండో గ్లాసు అడిగింది. నరేష్ గడప మీద కూర్చుని మోకాలి పట్టీ విప్పుతున్నాడు. మమత గ్లాసు ఇచ్చే నెపంతో దగ్గరికి పోయి మోకాలు చూసింది. పొద్దున ఎట్లా ఉందో అట్లానే ఉంది, ఉబ్బలేదు.

"కుర్చీ పోయిందే మే" అన్నాడు.

"పానకం తాగి రా. కండెలు అయిపోయినాయంట, మీ నాయిన చూస్తాండాడు" అంది.