అన్న సగం, తమ్ముడి సగం

ప్రతి శనివారం ఆఫీసు ఒంటిగంటకి మూయగానే పార్సిల్ గుమాస్తా నేరుగా రికార్డుల వీధికి వెళ్ళేవాడు. రికార్డుల వీధి అంటే ఏదో పెద్ద బజారనుకునేరు. ఎదురెదురుగా రెండు గ్రామఫోను రికార్డుల షాపులు, అంతే. కుడివైపుది అన్నది, ఎడమవైపుది తమ్ముడిది. పదకొండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. గుమాస్తా మాత్రం ఇద్దరితోనూ బాగుండేవాడు. అదే అతని కొంప ముంచింది.

ఒట్టి మొహమాటం మనిషి. అన్న షాపులో ఒకటి కొని బయటికొస్తే తమ్ముడు గుమ్మంలో నిలబడి సంచీకేసి చూసేవాడు. పల్లెత్తు మాట అనేవాడు కాదు. తిట్టినా బాగుండేది. ఇతను లోపలికెళ్ళి అక్కడా ఒకటి కొనేవాడు. అది చూసి అన్న దగ్గేవాడు. మళ్ళీ ఇటు. ఒక్కటి కొందామని బయల్దేరినవాడు అయిదారు మోసుకుని ఇల్లు చేరేవాడు. కిందటి నెలలో పద్దెనిమిది కొన్నాడు. అందులో వయొలిన్ ఉంది, పాత సినిమా పాటలున్నాయి, పక్షుల కూతలు కూడా ఉన్నాయి. పక్షుల కూతలు ఎందుకు కొన్నాడో అతనికే తెలీదు.

కొన్నవాడు వినాలి కదా? వినడు! ఇదివరకు వినేవాడు, ఈ రెండు నెలలుగా కవరు కూడా విప్పకుండా అల్మారాలోకి తోసేస్తున్నాడు. వినని రికార్డు బరువెక్కుతుందని తెలియనిదెవరికి? ఆ అన్నదమ్ములిద్దరూ అయితే రికార్డు చేత్తో ఎత్తి చూసి, "దీన్ని రెండేళ్ళుగా ఎవరూ విన్లేదు" అని ఇట్టే చెప్పేస్తారు. ఇతనికీ తెలుసు. పైగా ఉద్యోగమేమో పొద్దస్తమానం పార్సిళ్ళు తూచడం.

ఆ సోమవారం కింది వాటాలో ఉండే ఇంటిగలావిడ నుదుటిమీద బొప్పితో మెట్లెక్కి వచ్చింది.

"గుమాస్తాగారూ, మా సీలింగు ఎంత దిగిందో వచ్చి చూడండి. లేచి నిలబడితే ఫ్యాను నెత్తికి తగుల్తోంది. ఇరవయ్యేళ్ళుగా ఉంటున్నారు కదా అని ఓర్చుకున్నాను. ఆదివారం సాయంత్రానికి నా సీలింగు పైకి లేవకపోతే, మీరు మీ రికార్డులతో సహా ఇల్లు ఖాళీ చెయ్యండి."

"అలాగేనండి," అన్నాడు గుమాస్తా. ఇంకేమనగలడు పాపం?

ఆవిడ మెట్లు దిగగానే భార్య వంటింటి త్రాసు తెచ్చి హాల్లో పెట్టింది. "ఈ వయసులో నేను ఇల్లు వెతుక్కోలేను. ఆవిడ చెప్పింది నోరు మూసుకుని విన్నారు కదా, అలాగే వీటినీ వినండి."

అల్మారాలో నలభై ఒకటి లెక్క తేలాయి. హాల్లో ఒక ప్లేయరు, పడగ్గదిలో ఒక ప్లేయరు పెట్టుకుని మొగుడూ పెళ్ళాం చెరోచోటా కూర్చున్నారు. విన్నవి విన్నట్టు తూచారు. భార్య బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ విన్నవన్నీ కాయితంలా తేలిపోయాయి. ఇతను కళ్ళు మూసుకుని తాళం వేసుకుంటూ విన్నవి చెంచాడు పంచదారంత కూడా తగ్గలేదు.

"మీ మనసెక్కడుందండీ?"

"ఇక్కడే ఉందే!"

"ఉంటే దీని బరువు తగ్గదా? వచ్చే శనివారం ఏం కొనాలా అని ఆలోచిస్తున్నారు. నా దగ్గరా మీ నాటకాలు?"

నిజమే మరి. సిగ్గుపడి మళ్ళీ మొదట్నుంచీ విన్నాడు. పక్షుల కూతలు మూడుసార్లు వినాల్సొచ్చింది. ఎలాగైతేనేం, శనివారానికి ముప్పైతొమ్మిది అయ్యాయి. ఆ శనివారం, పెళ్ళయ్యాక మొదటిసారి, అతను రికార్డుల వీధికి వెళ్ళలేదు. అయినా నేల లేవలేదు. అడుగు అరలో ఇంకా రెండున్నాయి. ఆదివారం పొద్దున ఇద్దరూ కలిసి లాగినా అవి అంగుళం కదల్లేదు.

"ఏమిటివి?" అంది భార్య రొప్పుతూ.

గుమాస్తా నసుగుతూ అసలు సంగతి చెప్పాడు. ఆ రెండూ కలిపి ఒక్క ఆల్బమే. అన్నదమ్ములు షాపు పంచుకున్నప్పుడు చివర్లో ఆ సెట్టు మిగిలింది. నాకంటే నాకని కొట్టుకుని, చెరో రికార్డూ లాక్కున్నారు. ఆ వారంలోనే, కంటికి కనబడుతుంటే ఒళ్ళు మండుతోందని, ఒకరికి తెలీకుండా ఒకరు తెచ్చి ఇతనికి అంటగట్టారు.

"మరి వినొచ్చుగా?"

"ముందు ఎవరిది వినను? అన్నది వింటే తమ్ముడు నొచ్చుకుంటాడు. తమ్ముడిది వింటే..."

"మీ ఇంట్లో మీరు వింటే వాళ్ళకెలా తెలుస్తుంది మహానుభావా!"

పదకొండేళ్ళలో ఈ ముక్క అతనికి తట్టనేలేదు. ఆవిడ నెత్తి కొట్టుకుని, కొంగు బిగించి, తనే రికార్డుల వీధికి వెళ్ళింది. మధ్యాహ్నానికి అన్నదమ్ములిద్దరినీ ఇంటికి రప్పించింది. ఒకర్ని పిలిచినట్టు రెండోవాడికి చెప్పలేదు. గుమ్మంలో ఎదురుపడి ఇద్దరూ బిగుసుకుపోయారు. గుమాస్తా తలుపు చాటుకి తప్పుకున్నాడు.

"అంటగట్టింది మీరు. మేం వీధిన పడబోతున్నాం. వచ్చి ఎత్తండి," అందావిడ.

నలుగురూ నాలుగు పక్కలా పట్టారు.

"అమ్మా, ఆ పెద్దమనిషిని అంచు సరిగ్గా పట్టుకోమనండి," అన్నాడు తమ్ముడు.

"అమ్మా, నాకు పట్టుకోవడం ఒకరు నేర్పక్కర్లేదని చెప్పండి," అన్నాడు అన్న.

ఎలాగో అన్న తాలూకు రికార్డుని ప్లేయరు మీదికి చేర్చారు. రెండు రికార్డులకీ కలిపి నాలుగు వైపులు, ఒకటో వైపు దాంట్లోనే ఉంది. ప్లేయరు మూలిగింది. బరువుకి పళ్ళెం తిరగలేక తిరుగుతుంటే, పాడే అమ్మాయి గొంతు ముసలి పహిల్వాను గొంతులా వచ్చింది. నలుగురూ ముందుకు వంగి విన్నారు. వినగా వినగా పళ్ళెం జోరందుకుంది, గొంతు పలచబడింది, అమ్మాయి మళ్ళీ అమ్మాయైంది. పాట మంచి పట్టులో ఉండగా టక్కున ఆగిపోయింది.

"ఇదేమిటి, సగంలో?" అన్నాడు గుమాస్తా.

"మిగతాది రెండో వైపులో ఉంటుంది," అన్నాడు అన్న. "అది నా రికార్డులో లేదు. ఇన్నేళ్ళూ ఆ పాట నా బుర్రలో అక్కడిదాకా వచ్చి ఆగిపోతోంది."

తమ్ముడు అప్పటికే తన రికార్డు పట్టుకుని గింజుకుంటున్నాడు. "నాకు ఆ మిగతా సగమే వచ్చు. ఎలా మొదలైందో మర్చిపోయాను."

"ఒరేయ్, నడుం పట్టేస్తుంది. ఉండు, నేనూ పడతాను."

రెండో వైపు, మూడో వైపు తమ్ముడి దాంట్లో విన్నారు. నాలుగోది మళ్ళీ అన్న దాంట్లో ఉంది. ఆ సెట్టు తయారైన తీరే అంత, ఒకరిది పక్కన పెట్టి వినడానికి కుదరదు. నాలుగో వైపు నడుస్తుండగా ఇల్లంతా కిర్రుమంది. కాళ్ళ కింద నేల మెల్లగా పైకి లేచింది. కింద ఇంటిగలావిడ కేక పెట్టింది.

"చాలండీ, చాలు! ఇంక వినకండి! ఫ్యాను తుడుచుకోవడానికి నాకు అందొద్దా?"

గుమాస్తా కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఇల్లు నిలబడింది. భార్య అతని భుజం తట్టి, రెండు రికార్డులూ రెండు వేళ్ళతో ఎత్తింది.

"ఇవి మీ ఇద్దరివీ. తీసుకెళ్ళండి. వీటి కవరేదీ?"

"నా షాపులో గోడకి తగిలించి ఉంది," అన్నాడు అన్న. "ఖాళీ కవరు."

"దాన్ని దించి, రెండూ కలిపి అందులో పెట్టుకోండి మరి."

అన్న తమ్ముడి వైపు తిరిగాడు.

"చాన్నాళ్ళుగా దించుదామనే చూస్తున్నాన్రా. ఒక్కణ్ణీ ఎత్తలేకపోతున్నాను."

తమ్ముడు చెప్పులేసుకున్నాడు.

"పద అన్నయ్యా. చెరో పక్కా పట్టుకుందాం."