ఆటలమ్మ మందు నూరిన కల్వం

నేను ఒక నల్లరాతి కల్వాన్ని. మందులు నూరుకునే చిన్న రోలునన్నమాట. నన్ను చెక్కినవాడు ఆ పూట ఇంట్లో తగువాడి వచ్చాడు కాబోలు, నా అడుగు కాస్త వంకర. మొదట ఒక నాటువైద్యుడి దగ్గర కొలువు చేశాను. జమీందారు ఏనుగుకి కడుపునొప్పి వస్తే నాలోనే మందు నూరారు. ఏనుగు లేచి నాకు తొండమెత్తి దండం పెట్టింది. నమ్మకపోతే మీ ఇష్టం. సాక్ష్యానికి ఆ ఏనుగు ఇప్పుడు లేదు.

వైద్యుడి తర్వాత ఆయన కోడలు పైడమ్మ చేతికి వచ్చాను. రాజాంలో మా వీధిన ఎవరికి ఆటలమ్మ పోసినా వేపాకూ పసుపూ నూరి పూసేది ఆవిడే. చిన్నప్పుడు మేనకోడలు కుసుమకూ పూసింది. ఆటలమ్మ దిగింది గాని బుగ్గల మీద గుంటలు మిగిలాయి. పెద్దయ్యాక కుసుమ విశాఖపట్నం వెళ్లి లేజరుతో వాటిని చదును చేయించుకుంది. చెక్కులు రాలాయి, ఎరుపు తగ్గింది, గోధుమరంగు మచ్చలు మాత్రం కదలలేదు. కుసుమ గడప దాటడం మానేసింది.

నన్ను సంచిలో వేసుకుని చూడవచ్చిన పైడమ్మ గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో! తల్లి ఇచ్చిన గుర్తులు మిసనుతో గీకించేసినావు. కోపమొచ్చి మళ్లీ పోసేసినాదే!"

"ఆటలమ్మ కాదత్తా, లేజరు మచ్చలు. నెమ్మదిగా పోతాయట. తనిచ్చిన క్రీము తప్ప ఏటీ రాయొద్దన్నాది డాక్టరమ్మ."

"డాక్టరమ్మకి అమ్మోరి సంగతి ఏటి తెలుసే?"

వెంటనే నన్ను దింపింది. పచ్చి వేపాకు, ఘాటైన పసుపు కొమ్ము. నూరుతుంటే రాయినైన నాకే మంటెత్తింది. ఇక నిన్నగాక మొన్న మొలిచిన లేత చర్మం ఏమవుతుంది? ఏనుగును లేపినవాణ్ణి, ఒక్క అంగుళం పక్కకి దొర్లలేకపోయాను.

పైడమ్మ వేళ్లతో ముద్ద తీసింది. కుసుమ ఆ చెయ్యి పట్టుకుంది. కాసేపటికి, ఏమనుకుందో, వదిలేసింది.

"రాసీ అత్తా. ఇవి పోతాయని ఇంకెన్నాళ్లు సూడాల?"

కళ్లు మూసుకుంది. ముద్ద బుగ్గ దాకా వచ్చింది.

అమ్మవారు పోసినవాళ్లకి మందు పూసేముందు రెండో చేతి వెనుకభాగంతో తడిమి, పొక్కు ఎక్కడుందో చూడటం పైడమ్మకి అలవాటు. తడిమింది. ఆగింది. మళ్లీ తడిమింది.

"ఏటే ఇది? పొక్కు తగల్లేదు. గుంటా తగల్లేదు. బల్లలాగున్నాది!"

"నానేటి సెప్పాను మరి? రంగే అత్తా, మిగిలింది."

"అమ్మోరయితే సేతికి తగలాల. రంగుకి మందు నాకు తెల్దు. ఆ డాక్టరమ్మ సెప్పినట్టే కాసుకో."

నా రాతిగుండె అప్పుడు కుదుటపడింది.

"మరి అదో?" అంది కుసుమ ముద్దను చూపిస్తూ.

"అమ్మోరి పేరున నూరింది పారబొయ్యకూడదు," అని పైడమ్మ తన ముఖానికే పట్టించుకుంది. మరుక్షణం "మండిపోతన్నాదే, నీళ్లో!" అంటూ పెరట్లోకి పరుగు. చెంబు పట్టుకుని వెనకాలే కుసుమ, నవ్వలేక నవ్వుతూ.

మచ్చలు ఆ రోజుకి ఉన్నట్టే ఉన్నాయి. నేను అబద్ధం చెప్పను, ఏనుగు విషయంలో తప్ప. కాని ఇన్నేళ్ల కొలువులో ఇలాంటి వైద్యం చూడలేదు. మందు పడిన ముఖం ఒకటి, కుదుటపడిన ముఖం ఇంకొకటి.