గుర్రం పక్కన మనిషి

నాకు కోపం ముందు, ఆలోచన తర్వాత. ఇరవై ఏళ్ళుగా రెండో తరగతి పిల్లలతో వేగుతున్నదాన్ని, ఈపాటికి ఈ గుణం మారాల్సింది. మారలేదు.

ఆ వారం మా హెడ్మిస్ట్రెస్ కొత్త పద్ధతి పెట్టారు. అన్ని సబ్జెక్టులకూ ఒకటే పాఠం: మనకు సాయం చేసే జంతువులు. భాషలో ఆవు మీద అయిదు వాక్యాలు, సైన్సులో ఉన్ని, లెక్కల్లో కోడిగుడ్లు. ఆరు కోళ్ళు రోజుకో గుడ్డు చొప్పున వారానికి ఎన్ని పెడతాయని అడిగితే, ముందు బెంచీ బొద్దబ్బాయి లేచి ఆదివారం వాటికి సెలవుండదా అన్నాడు. క్లాసంతా పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను.

బుధవారం డ్రాయింగ్ పీరియడ్‌లో ఆ నవ్వు కాస్తా పోయింది. మేమంతా పిట్ట అని పిలిచే అమ్మాయి గుర్రం బొమ్మ వేసింది. దాని మెడలోంచి ఒక గొట్టం, గొట్టం చివర సీసా, సీసా నిండా ఎర్రరంగు. శుక్రవారం తల్లిదండ్రులు చూడ్డానికి ఈ బొమ్మలన్నీ అంటించబోయే గోడ మీద రక్తమా! నాకు ఒళ్ళు మండింది. "ఇదేనా గుర్రం చేసే సాయం? ఇలాంటి పాడుపని ఎవరైనా చేస్తారా?" అని అందరి ముందూ కడిగేశాను. మా నాన్న చేస్తాడు, అంది పిట్ట వినీ వినబడకుండా. పిల్లలు గొల్లున నవ్వారు. నేను బొమ్మ లాక్కుని సొరుగులో పడేశాను.

మర్నాడు పిట్ట రాలేదు. సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చాడు. ఖాకీ చొక్కా, చేతుల నిండా గడ్డి నలుసులు. పాముకాటు మందు తయారుచేసే కంపెనీలో గుర్రాలను చూసుకుంటాడట. గుర్రానికి కొంచెం కొంచెంగా విషం ఎక్కిస్తారు. దాని ఒంట్లో విరుగుడు పుట్టాక కొంత రక్తం తీసి, అందులోంచి మందు చేస్తారు. ఇదంతా నేరం ఒప్పుకుంటున్నవాడిలా తల దించుకుని చెప్పాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

పోట్లాటకు వచ్చాడనుకున్నాను. పాపం, బొమ్మ అడగడానికి వచ్చాడు.

"రోజూ గుమ్మంలోనే నా మీదకి ఎక్కేసేదండీ. నిన్నటి నుంచి దగ్గరికి రావట్లేదు. నాన్నా, నువ్వు పాడుపని చేస్తావా అని అడిగింది. ఏం చెప్పాలో నాకు తెలీలేదు."

సొరుగు తీశాను. బొమ్మలో గుర్రం మెడ చుట్టూ చేతులేసి ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఎరుపు చూసిన కంగారులో ఆ మనిషి నాకు కనబడనే లేదు. ఏడుపొచ్చింది. నేనన్న ఒక్క మాటతో ఒక తండ్రి కూతురికి పరాయివాడైపోయాడు. బొమ్మ ఆయన చేతికిచ్చి, రేపు పిట్టను వెంటబెట్టుకుని వచ్చి పిల్లలకు తన పని గురించి చెప్పమని బతిమాలాను. తనకు మాట్లాడటం చేతకాదన్నాడు. నాకు మరీ ఎక్కువ చేతనవును, అదే చిక్కు అన్నాను.

శుక్రవారం తల్లిదండ్రులు గోడ వారగా కూర్చున్నారు. పిట్ట వెనక బెంచీలో తలెత్తకుండా కూర్చుంది. ముందు నేను లేచి, బుధవారం తెలియక నోరు జారానని, తప్పు పిట్టది కాదు నాదని అందరికీ చెప్పాను. పిట్ట తలెత్తలేదు. తర్వాత ఆయన తడబడుతూనే తన పని గురించి చెప్పాడు. గుర్రానికి నొప్పి పుట్టదా అని బొద్దబ్బాయి అడిగాడు.

"పుడుతుంది బాబూ. సూది గుచ్చగానే ఒళ్ళు జలదరిస్తుంది."

అయినా మనకు సాయం చేస్తుంది కదా, అన్నాడు వాడు.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "చేస్తానని అదెప్పుడూ అనలేదు. మనమే తీసుకుంటున్నాం. ఆ మందు లేకపోతే మనుషులు పోతారు, అందుకని తీసుకుంటున్నాం."

వారమంతా నేను బోర్డు మీద రాస్తూ వచ్చిన పాఠం పేరు సరైనదేనా అని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. బొద్దబ్బాయి మాత్రం వదల్లేదు. మరి దానికి మీ మీద కోపం రాదా అని అడిగాడు.

ఆయన నావైపు చూశాడు.

వెనక బెంచీలోంచి పిట్ట లేచింది.

"రాదు. నాన్నకి క్యారేజీ ఇవ్వడానికి అమ్మతో వెళ్ళినప్పుడు నేను కిటికీలోంచి చూశాను. సూది తీసేశాక అందరూ వెళ్ళిపోతారు. నాన్న వెళ్ళడు. దానికి వణుకు తగ్గేదాకా పట్టుకునే ఉంటాడు."

తను చెప్పింది విని బొమ్మ వేసిందనుకున్నాడేమో, కూతురు అదంతా కళ్ళారా చూసిందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. అంతమంది ముందు రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేశాడు. పిట్ట బెంచీల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళి, ఆయన ఏడుపు ఆగేదాకా పట్టుకుని నిలబడింది.