సత్తు తాంబాళంలో ఎండ

మా ఆయన ముప్పై ఏళ్ళపాటు రాజుగారి గోరీలోకి ఎండ పంపించాడు. ఆ ఎండలో లోపల ఏముందో మాత్రం ఒక్కరోజూ చూడలేదు. ఈ మాట చెబితే కొత్తవాళ్ళు నవ్వుతారు. నవ్వండి, పెళ్ళైన కొత్తలో నేనూ నవ్వాను.

సంగతేమిటంటే, మా కొండలోయలో రాతిలో తొలిచిన పాతకాలపు రాజుల గోరీలకి కరెంటు రాకముందు ఎండే దీపం. గుమ్మం బయట ఒకడు నిలువుటద్దం పట్టుకుని ఎండని సొరంగంలోకి కొడతాడు. లోపల, అడుగున ఉన్న గదిలో, ఇంకొకడు వెండికాగితం అంటించిన చెక్క పట్టుకుని ఆ వెలుగుని గోడలకీ కప్పుకీ తిప్పుతాడు. బయటివాడు మా ఆయన నూబీ. లోపలివాడు మా పక్కింటి రద్వాన్. గదిలో ఎండ ఉండాలంటే నూబీ బయట ఉండాలి. నూబీ లోపలికెళితే ఎండ ఉండదు. కరెంటు వచ్చాక వెళ్ళి చూశాడు కానీ ఆ వెలుగు ఆయన మనసుకి ఆనలేదు. "ఆస్పత్రి వెలుగు" అని వచ్చేశాడు. అద్దం మా ఇంటి గోడకెక్కింది. ఆ తరవాత కళ్ళకి శుక్లాలొచ్చాయి. దీపం కిందే చీకటంటారు చూడండి, అది మా ఇంట్లోనే కాపురం పెట్టింది.

రద్వాన్ సంగతి చెప్పాలి. అతని నోట్లో నువ్వుగింజ నానదు. ఆ గది కప్పు మీద ఒక నిడుపాటి ఆడమనిషి బొమ్మ ఉంది, ఆకాశమే ఆవిడట. సాయంత్రం సూర్యుణ్ణి మింగుతుంది, పొద్దున్నే కంటుంది. అది అందరికీ తెలుసు, పోస్టుకార్డుల మీద కూడా ఉంది. రద్వాన్ అంతటితో ఊరుకోడు. "ఎండ పడితే ఆవిడ నవ్వుతుంది. ఆ నవ్వు చూసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే" అని టీ కొట్టు దగ్గర ప్రతి సాయంత్రం మొదలెడతాడు. మా ఆయన టీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంటాడు.

పోయిన నెల ఆయన కళ్ళకి ఆపరేషన్ చేయించాం. కట్టు విప్పగానే ముందు నన్నే చూశాడు.

"ముసలిదానివైపోయావే బద్రాన్ వాళ్ళమ్మా."

"అద్దం ఆ గోడకే ఉంది. తమరు కూడా ఓసారి చూసుకోండి" అన్నాను.

అద్దం దగ్గరకి వెళ్ళాడు గాని తన మొహం చూసుకోలేదు. మేకు మీంచి అద్దాన్ని దింపి, చేత్తో దుమ్ము తుడిచాడు. "ఆ నవ్వు నాకు చూడాలనుంది. ఎండలోనే చూడాలి" అన్నాడు మెల్లిగా. యాభై ఏళ్ళ కాపురంలో ఈ మనిషి టీ తప్ప ఇంకేమీ అడిగిన పాపాన పోలేదు. నేను మాత్రం నేలంతా దుమ్ము చేస్తున్నావని నాలుగు చీవాట్లు పెట్టాను.

ఇప్పుడా గోరీకి కాపలా ఉన్నది మా చెల్లెలి కొడుకు హగ్గాగ్. వాణ్ణి పిలిచి మాట్లాడాను. బయట అద్దం వాడు పడతాడు, లోపల చెక్క రద్వాన్ పడతాడు, మా ఆయన హాయిగా చూస్తాడు. హగ్గాగ్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "రెండు దాటాక రండి పెద్దమ్మా, జనం పల్చబడతారు. గదిలో బల్బులు కాసేపు ఆర్పేస్తాను. కానీ మూడయ్యేసరికి గుట్ట నీడ గుమ్మం ముందంతా కప్పేస్తుంది. చలికాలం ఎండ, మన కోసం ఆగదు."

బయలుదేరిన రోజు మా ఆయన పెళ్ళికొడుకులా తయారయ్యాడు. ఇస్త్రీ చేసిన పొడుగు గలబియ్యా అంగీ, తెల్ల తలపాగా. గేటు దగ్గర అందరూ ఎరిగున్నవాళ్ళే, "నీకు టికెట్టేమిటి హాజీ, లోపలికి పద" అన్నారు. ఈయన వినలేదు. "ఇన్నాళ్ళూ పనివాడిగా వచ్చాను. ఇవాళ చూడ్డానికొచ్చాను" అని వరసలో నిలబడి మూడు టికెట్లు కొన్నాడు. తనది తలపాగా మడతలో దోపుకున్నాడు. చూడ్డానికొచ్చిన తెల్లవాళ్ళ మధ్య, ఆ టికెట్టుతో, ఎంత బాగున్నాడో. దిష్టి తగులుతుందని నేను తల తిప్పేసుకున్నాను.

గేటు నుంచి లోయ పైదాకా చిన్న బండి నడుస్తుంది. అద్దాన్ని దుప్పట్లో చుట్టి సీటు మీద పెట్టాం. రద్వాన్ తన చెక్క చంకలో పెట్టుకుని, తన గొప్పలు తాను చెప్పుకుంటూ, వెనక్కి చూడకుండా ఆ దుప్పటి మీద కూర్చున్నాడు. ఫటమని వినిపించింది.

రద్వాన్ లేచి దుప్పటి తడిమి చూశాడు.

"మెత్తగా ఉంటే పరుపనుకున్నాను" అన్నాడు రద్వాన్.

"ముప్పై ఏళ్ళు ఎండకి పగలని అద్దం అన్నా అది. నీ బరువుకి పగిలింది" అన్నాను. ఇంకా చాలా అనేదాన్నే, మా ఆయన మొహం చూసి ఆగిపోయాను. ఆయన దుప్పటి విప్పలేదు. లోపల గాజుముక్కలు కదులుతుంటే వాటి మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

గోరీ గుమ్మం చేరేసరికి రెండున్నర. నీడ అప్పుడే దారికి అవతలి అంచు దిగింది. హగ్గాగ్ తల గోక్కున్నాడు. నేను నెత్తి మీంచి మధ్యాహ్నం తిండి దించాను. ఎండలో పొంగబెట్టి కాల్చిన రొట్టెలు, పాత జున్ను, ఉల్లిపాయలు. అన్నీ తీసి పక్కన గుడ్డ మీద పెట్టి, కింద ఉన్న సత్తు తాంబాళాన్ని కొంగుతో తుడిచి వాడి చేతికిచ్చాను. నిమ్మచెక్కతో, బూడిదతో నేను తోమిన తాంబాళం అది, మొహం కనపడుతుంది.

హగ్గాగ్ పట్టుకున్నాడు. వెలుగు కొండ మీద గంతులేసింది. ఒక గైడు మీద పడింది, మేక మీద పడింది, ఎవరో పెద్దావిడ టోపీ మీద కూర్చుంది, ఆవిడ నల్లకళ్ళద్దాలు తీసి పెట్టుకుంది. గుమ్మంలోకి మాత్రం పోదు. పోయినా నిలవదు.

"వదిలెయ్యరా. దానికి చెయ్యి కుదరాలి. మా నాన్న నాకు రెండేళ్ళు నేర్పాడు" అని మా ఆయన తలపాగాలోని టికెట్టు తడుముకున్నాడు. "పదండి, రొట్టె తిని పోదాం. చూసినట్టే అనుకుంటాను."

నీడ ఇంకో నాలుగు బారల దూరంలో ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇటివ్వు" అని హగ్గాగ్ చేతిలోంచి తాంబాళం లాక్కున్నాను.

"నీకేం తెలుసు పెద్దమ్మా?" అన్నాడు వాడు.

వాడికి తెలియంది ఒకటుంది. కొండమీది పాత ఊళ్ళో నూబీ వాళ్ళిల్లు పైవరసలో, మాది కిందివరసలో. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు డాబా మీద అద్దం నేర్చుకుంటున్నాడు. కుండ మూతి మీద వెలుగు నిలపరా అని వాళ్ళ నాన్న చెబితే, ఈయన పిండి పిసికే నా చేతుల మీద నిలిపేవాడు. మూడుసార్లు ఊపితే, సాయంత్రం కాలవగట్టుకి రమ్మని. నేను మా రొట్టెల తాంబాళంతో జవాబిచ్చేదాన్ని. ఒకసారి మెరిస్తే సరే, రెండుసార్లయితే నాన్న ఇంట్లో ఉన్నాడని. కోపమొస్తే తిన్నగా ఎడమ కంట్లో కొట్టేదాన్ని. రెండేళ్ళు సాగింది. మా పిల్ల తాంబాళాలు ఎంత బాగా తోముతుందోనని మా అమ్మ ఊరంతా చెప్పుకుని మురిసిపోయింది.

మా ఆయన నా వంక చూశాడు. ఆయనకి గుర్తొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి, డెబ్భై ఏళ్ళ మనిషికి.

"ఎడమ కన్నేనా?" అన్నాడు.

"లోపలికి నడువు. ఎండ పోతోంది" అన్నాను.

ముగ్గురూ దిగారు. నేను కాళ్ళు ఎడంగా పెట్టి, తాంబాళాన్ని పొట్టకి ఆనించి వెలుగుని పట్టాను. మొదట గుమ్మం పక్క రాయి, తరవాత గుమ్మం, తరవాత సొరంగం. చెయ్యి మరచిపోలేదు. లోపల్నుంచి రద్వాన్ కేక, "కొంచెం కిందికి. ఆ, అక్కడే. నిలుపు." తరవాత బల్బులు ఆరాయి. ఎండ ఒకచోట నిలవదు కదా, వెంట్రుకవాసి తిప్పుతూ ఉండాలి. నాకేమీ కనపడటం లేదు. చేతులు లాగుతున్నాయి, తాంబాళం కాలుతోంది. ముప్పై ఏళ్ళు ఈయన ఇలాగే నిలబడ్డాడు కాబోలు అనిపించింది.

అప్పుడు లోపల్నుంచి నవ్వు వినిపించింది. మా ఆయనది. అంత పెద్దగా నవ్వగలడని నాకు ఈ యాభై ఏళ్ళలో తెలీదు. వెంటనే ఎవరో పరాయిదేశపు జనం చప్పట్లు కొట్టారు. నేను ఎవరూ చూడకుండా భుజంతో కళ్ళు తుడుచుకున్నాను. వెలుగు మాత్రం కదలనివ్వలేదు.

ఆయన బయటికొచ్చాడు, గలబియ్యా వీపంతా దుమ్ము. నేల మీద వెల్లకిలా పడుకుని చూశాడట.

"నవ్విందా?"

"రద్వాన్‌వన్నీ కోతలే. నవ్వలేదు. అంత సూర్యుణ్ణి నోట్లో పెట్టుకున్న మనిషి ఎలా నవ్వుతుంది?" అని ఆగాడు. "నవ్వింది నేనేనే. తాంబాళం ఇలా తే. నువ్వు వెళ్ళు."

"నీడ వచ్చేసింది."

"ఒక బారెడు ఉంది. నాకు చాలు. టికెట్టు ఊరికే కొన్నానా?"

దిగాను. అడుగున గది చల్లగా, చీకటిగా ఉంది. చెప్పులు విడిచి నేను కూడా వెల్లకిలా పడుకున్నాను, సిగ్గెందుకు. సొరంగం లోంచి ఎండ వచ్చింది. రద్వాన్ చెక్క ఎత్తాడు. నల్లటి నీలం మీద పసుపుపచ్చని ఆడమనిషి, గది ఈ చివర నుంచి ఆ చివరకి. ఆవిడ ఒంట్లోంచి ఎర్రటి సూర్యుళ్ళు ఒకదాని వెనక ఒకటి. వెలుగు కాళ్ళ దగ్గర మొదలై మెల్లిగా నోటివైపు పోతోంది.

సరిగ్గా మెడ దగ్గర వెలుగు ఊగింది. మూడుసార్లు. ఆగింది. మళ్ళీ మూడుసార్లు.

"చూశావా చెల్లెమ్మా, నీ మొగుడి చెయ్యి వణుకుతోంది" అన్నాడు రద్వాన్. "ముసలాడైపోయాడు పాపం."

"వణుకు కాదులే అన్నా" అన్నాను చీకట్లో చెప్పులు తడుముకుంటూ. "నన్ను రమ్మంటున్నాడు."